జాబ్ మానకుండా హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్, పాలసీలో పీజీ చెయ్యాలంటే ఏది తీసుకోవాలి?

వార్డు_ఇంచార్జ్:

అందరికీ నమస్తే అండి. నర్సింగ్ చేసి చాలా ఏళ్ళుగా హాస్పిటల్లోనే ఉన్నా, ఇప్పుడు ఒక మెడికల్ వార్డుకి ఇంచార్జ్‌గా చేస్తున్నా. పేషెంట్ దగ్గర చేసే పని ఇప్పటికీ ఇష్టమే కానీ రోజూ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు నా వార్డులో తేలేవి కావు. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ డిశ్చార్జ్ చెప్పేస్తారు, పేషెంటూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ సంచులు సర్దుకుని కూర్చుంటారు, సాయంత్రం దాకా మంచం ఖాళీ అవ్వదు, అదే టైమ్‌కి ఎమర్జెన్సీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు. మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే స్టాఫ్ ఇంకాస్త స్పీడ్‌గా చెయ్యాలి అని తేల్చేస్తారు. నా స్టాఫ్ ఎంత పరిగెడుతున్నారో నాకు తెలుసు, ఆలస్యానికి కారణం వేరే ఉందండీ అని వాళ్ళు ఒప్పుకునేలా చూపించడం మాత్రం నాకు రావట్లేదు.

అందుకని జాబ్ చేసుకుంటూనే పీజీ చేద్దామనుకుంటున్నా. వెతికితే ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్) అంటారు, ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) తీసుకుని అందులో హెల్త్ పాలసీ అంటారు, హెల్త్‌కేర్ ఎంబీఏ అంటారు, ఇంకోచోట ఉద్యోగంలో ఉన్నవాళ్ళ కోసం ఎగ్జిక్యూటివ్ మాస్టర్స్ అని ఉంటుంది, సిలబస్ చూస్తే అన్నిట్లో అవే సబ్జెక్టులు ఉన్నట్టు అనిపిస్తాయి. నేను మేనేజ్‌మెంట్ వైపు వెళ్ళాలా, పాలసీ వైపా? ఆన్‌లైన్‌లో చేస్తే ఆ డిగ్రీకి విలువ ఉంటుందా? లెక్కలు వదిలేసి చాలా కాలమైంది, స్టాటిస్టిక్స్ గట్టెక్కగలనా? షిఫ్టులతో ఇదంతా నడుస్తుందా? చేసినవాళ్ళు, ఇప్పుడు చేస్తున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

క్వాలిటీ_డెస్క్:

అక్కా, నేను ఎంహెచ్‌ఏ చేశా, ఇప్పుడు క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నా. ముందు మీ డిశ్చార్జ్ సంగతే తీసుకుందాం, మీకు ఏ కోర్సు కావాలో అందులోనే సగం తెలిసిపోతుంది.

లిటిల్స్ లా అని ఒకటుంది, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు, ఆపరేషన్స్ క్లాసులో మొదటి వారాల్లోనే చెప్తారు. రోజుకి సగటున ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు, ఈ రెండూ గుణిస్తే సగటున ఎన్ని మంచాలు నిండి ఉంటాయో వచ్చేస్తుంది. రోజుకి 20 అడ్మిషన్లు, ఒక్కొక్కరు 5 రోజులు అనుకోండి, 100 మంచాలు. ఇప్పుడు మీరు చెప్పిన పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆలస్యం 6 గంటలు అనుకుందాం, అంటే పావు రోజు. 20 మందికి పావు రోజు చొప్పున 5 మంచాలు. అంటే రోజు మొత్తం మీద చూస్తే సగటున 5 మంచాల మీద, వైద్యం అయిపోయి కాగితాల కోసం ఆగినవాళ్ళే ఉన్నారన్నమాట. మీటింగ్‌లో "చాలా ఆలస్యం అవుతోంది సర్" అనే బదులు "మనకి 5 మంచాలు ఇలా పోతున్నాయి" అని చూడండి, మాట వినే తీరే మారిపోతుంది.

ఇంకోటి, మంచాలు ఎంత నిండితే అంత బాగా నడుస్తున్నట్టు అని పైవాళ్ళు చాలామంది అనుకుంటారు. బీఎంజే అనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1999లో ఒక సిమ్యులేషన్ పేపర్ (కంప్యూటర్‌లో హాస్పిటల్ నమూనా నడిపి చూసింది) వచ్చింది, సగటు ఆక్యుపెన్సీ, అంటే నిండిన మంచాల శాతం, 85 శాతం దాటితే ఇబ్బంది కనిపించడం మొదలవుతుందని, 90 శాతం దాటితే మంచాల కొరత తరచూ వస్తుందని అందులో తేల్చారు. ఆ 85 అనేదాన్ని పట్టుకుని అన్నిచోట్లా వాడేస్తుంటారు, అది తప్పు, చిన్న వార్డుకి ఇంకా ఎక్కువ ఖాళీ ఉండాలి ఎందుకంటే 10 మంచాల వార్డులో ఒకేరోజు ఇద్దరు ఎక్కువ వస్తే సర్దుకోలేరు, 200 మంచాలు ఉన్నచోట ఆ ఇద్దరూ తెలియనే తెలియరు. ఎందుకలా అనేది క్యూయింగ్ థియరీలో, అంటే క్యూలు ఎలా పెరుగుతాయో లెక్కకట్టే సబ్జెక్టులో వస్తుంది. మీకు కావాల్సింది ఇదే అనిపిస్తోంది నాకు, కాబట్టి ఆపరేషన్స్, క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ గట్టిగా ఉన్న ఎంహెచ్‌ఏ చూడండి.

ఇవాళ్టి నుంచే ఒక పని చెయ్యొచ్చు. డిశ్చార్జ్ చెప్పిన టైమ్, సమ్మరీ సంతకం అయిన టైమ్, ఫార్మసీ క్లియరెన్స్, బిల్లు, పేషెంట్ బయల్దేరిన టైమ్, క్లీనింగ్ అయిన టైమ్, తర్వాతి పేషెంట్ మంచం మీదకి వచ్చిన టైమ్ రాయించండి. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. మంచం ఖాళీగా ఉండి కూడా పేషెంట్ పైకి రాని టైమ్ అందులోనే బయటపడుతుంది.

పాలసీ_రీడర్:

క్వాలిటీ_డెస్క్ గారు చెప్పినదంతా నిజమే కానీ అక్కడితో ఆపేస్తే సగమే అవుతుంది. ఆ మంచం ఖాళీ అయితే హాస్పిటల్‌కి లాభమా నష్టమా అనేది ముందు అడగాలి అండి, అది వార్డులో తేలదు, డబ్బులు ఏ పద్ధతిలో వస్తున్నాయో అక్కడ తేలుతుంది.

రోజుకింత అని డబ్బు వచ్చేచోట పేషెంట్ ఇంకో రోజు ఉంటే హాస్పిటల్‌కి ఆదాయం. చేసిన ప్రతి టెస్టుకీ ప్రొసీజర్‌కీ విడివిడిగా వస్తే అవి పెరుగుతాయి. కేసుకింత అని ముందే కట్టేస్తే ఎంత తొందరగా పంపిస్తే అంత మిగులుతుంది. మనిషికింత అని ఏడాదికి ఇచ్చేస్తే అసలు హాస్పిటల్ దాకా రాకుండా చూసుకోవడమే లాభం, కాకపోతే అవసరమైన వైద్యం కూడా తగ్గించేసే ప్రమాదం ఉంటుంది. వీటిలో ఏదీ మచ్చలేనిది కాదు, ప్రతిదానికీ దాని రోగం దానికుంది, అందుకే చాలా దేశాలు కలిపి వాడతాయి.

అమెరికాలో పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్త్ ఇన్సూరెన్స్ మెడికేర్ 1983లో డీఆర్‌జీ పద్ధతికి మారింది, అంటే జబ్బుల్ని గ్రూపులుగా చేసి కేసుకింత అని ముందే ధర కట్టేశారు. ఆ తర్వాత పేషెంట్లు హాస్పిటల్లో ఉండే రోజులు తగ్గాయి. వార్డుల్లో నర్సులు ఒక్కసారిగా స్పీడ్ పెంచేశారా? లేదు కదా, డబ్బు వచ్చే దారి మారింది, దాంతో డిశ్చార్జ్ ప్లానింగ్ మీద పైవాళ్ళ చూపు పడింది. పూర్తిగా తేరుకోకముందే పంపించేస్తున్నారేమో అనే భయం కూడా అప్పుడే మొదలైంది, దాన్ని కొలవడానికి రీఅడ్మిషన్లు, డిశ్చార్జ్ తర్వాత మరణాలు చూడాల్సి వచ్చింది. ఒక రూల్ మారిస్తే ఇంకెక్కడ ఉబ్బుతుందో ముందే ఊహించి, దాన్ని కొలిచే ఏర్పాటు కూడా పెట్టుకోవడం, పాలసీ క్లాసుల్లో అసలు నేర్పేది ఇదే అని నా అభిప్రాయం.

అందుకే మీ ప్రశ్నకి నేనిచ్చే జవాబు ఏంటంటే, రెండిట్లో ఒకటి ఎంచుకోమనే కోర్సు కన్నా రెండూ ఉన్నది చూసుకోండి. మీ హాస్పిటల్ లోపల మార్చాలని ఉంటే మేనేజ్‌మెంట్ మెయిన్‌గా పెట్టుకుని, హెల్త్ ఫైనాన్సింగ్, హెల్త్ ఎకనామిక్స్ మాత్రం వదలకండి. ప్రభుత్వ శాఖలోనో ఇన్సూరెన్స్‌లోనో అంతర్జాతీయ సంస్థలోనో పనిచెయ్యాలని ఉంటే అప్పుడు పాలసీ మెయిన్‌గా ఉన్న ఎంపీహెచ్ గానీ ఎమ్మెస్సీ గానీ.

స్టెత్_నుంచి_సీటుకి:

నేను డాక్టర్‌ని, ఇప్పుడు అడ్మినిస్ట్రేషన్‌లో ఉన్నా, ఎంబీఏ చేశా. ఒక విషయంలో పైన చెప్పినదానికి చిన్న సవరణ. 5 మంచాలు ఖాళీ అయితే 5 మంచాల ఖర్చు మిగిలిందని మీటింగ్‌లో అనకండి మేడమ్, ఫైనాన్స్ వాళ్ళు అక్కడే పట్టుకుంటారు. హాస్పిటల్ ఖర్చులో చాలా భాగం ఫిక్స్‌డ్, బిల్డింగ్, మెషీన్లు, జీతాలు, పేషెంట్ కొన్ని గంటలు ముందు వెళ్ళినంత మాత్రాన అవి తగ్గవు. పైగా పేషెంట్ మీద ఎక్కువ ఖర్చు మొదటి రోజుల్లోనే అయిపోతుంది, టెస్టులు, ఆపరేషన్, ఐసీయూ, ఆఖరి రోజు మామూలుగా చాలా చవక. కాబట్టి తొందరగా ఖాళీ అయిన మంచానికి విలువ వచ్చేది అందులోకి ఇంకో పేషెంట్ వస్తేనే, లేదా ఆ షిఫ్టులో స్టాఫ్ సంఖ్య నిజంగా సర్దగలిగితేనే. "ఇన్ని గంటలు స్ట్రెచర్ మీద ఎదురుచూపు తగ్గుతుంది, ఇంతమందిని ఎక్కువ తీసుకోగలం" అని చెప్పండి, అది నిలబడుతుంది.

ఇది నాకు కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో పట్టుబడింది, అందుకే ఏ డిగ్రీ తీసుకున్నా ఫైనాన్స్, అకౌంటింగ్ కనీసం రెండు పేపర్లు ఉన్నాయో లేదో చూడండి అంటాను. ఎంబీఏలో ఇవి లోతుగా ఉంటాయి, బ్యాంకువాళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళూ మీ పక్కన కూర్చుంటారు, వాళ్ళు అడిగే ప్రశ్నలు మన ఫీల్డ్‌లో ఎవరూ అడగరు. ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివేది), పేషెంట్ సేఫ్టీ లాంటివి మాత్రం ఎంబీఏలో పలచగా ఉంటాయి. మీకు వార్డు అనుభవం ఉంది కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది.

డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, హార్వర్డ్ పబ్లిక్ హెల్త్ స్కూల్లో మాస్టర్ ఇన్ హెల్త్ కేర్ మేనేజ్‌మెంట్ అని రెండేళ్ళ పార్ట్‌టైమ్ కోర్సు ఉంది, అది ఉద్యోగంలో ఉన్న డాక్టర్ల కోసమే పెట్టింది.

క్వాలిటీ_డెస్క్:

డాక్టర్ గారి పాయింట్ నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, నేను చెప్పింది కెపాసిటీ లెక్క మాత్రమే, డబ్బు లెక్క కాదు, రెండూ కలపకూడదు.

అక్రెడిటేషన్, అంటే కోర్సుకి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు, దాని గురించి ఎవరూ చెప్పలేదు కదా, ఆన్‌లైన్ డిగ్రీ విలువ అని అక్క అడిగింది దీనికే ముడిపడి ఉంది. అమెరికా కోర్సులైతే హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ డిగ్రీలకి సీఏహెచ్‌ఎంఈ, పబ్లిక్ హెల్త్ డిగ్రీలకి సీఈపీహెచ్, బిజినెస్ స్కూళ్ళకి ఏఏసీఎస్‌బీ చూస్తాం. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, ఆ ఫలానా కోర్సుకి ఉండటం వేరు, వెబ్‌సైట్‌లో ఈ రెండూ కలిపేసి రాసినచోట జాగ్రత్త. మిగతా దేశాల్లో ఎవరు గుర్తింపు ఇస్తారో ఆ దేశం రూల్ చూసుకోవాలి, ప్రమోషన్ కోసం చేస్తుంటే మీ హెచ్‌ఆర్ ఆ డిగ్రీని లెక్కలోకి తీసుకుంటారా అని ముందే రాతలో అడగండి. ఆన్‌లైన్ అన్నంత మాత్రాన తక్కువ కాదు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్ళ పబ్లిక్ హెల్త్ ఎమ్మెస్సీ డిస్టెన్స్‌లో ఎప్పటినుంచో నడుస్తోంది, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా చేసేది. అసలు ఈ ఫీల్డే మరీ కొత్తది కాదు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ ప్రోగ్రామ్ షికాగో యూనివర్సిటీలో 1934లోనే మొదలైంది.

వార్డు_ఇంచార్జ్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఆ 5 మంచాల లెక్క మా వార్డు అంకెలతో వేసి చూశా, కూర్చుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయా. పాలసీ_రీడర్ గారు చెప్పింది చదివాక మా బిల్లింగ్ వాళ్ళు ఎందుకలా చేస్తారో కూడా కొంచెం కొంచెం అర్థమవుతోంది.

రెండు భయాలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఒకటి స్టాటిస్టిక్స్. రెండోది టైమ్, నాకు షిఫ్టులు మారుతూ ఉంటాయి, ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నారు. ఇంకో చిన్న డౌట్, కోర్సు ప్రాజెక్టుకి మా వార్డు డేటా వాడుకోవచ్చా?

నైట్‌షిఫ్ట్_స్టూడెంట్:

అక్కా నేను రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని (ఊపిరి ఇబ్బందులున్న పేషెంట్లని చూసుకునే పని), ఇప్పుడు పార్ట్‌టైమ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మీ పరిస్థితి బాగా తెలుసు.

స్టాటిస్టిక్స్‌కి భయపడకండి, అక్కడ చేతితో ఇంటిగ్రేషన్లు చెయ్యమని ఎవరూ అడగరు, సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది, ఆ అంకె నమ్మాలా వద్దా అనేది మీరు చెప్పాలి. ఒక ఉదాహరణ చెప్తా, మా క్లాసులో దీనిమీద చాలా చర్చ నడిచింది. ఆపరేషన్ థియేటర్లో వాడే డబ్ల్యూహెచ్‌ఓ సర్జికల్ చెక్‌లిస్ట్ మీకు తెలిసిందే, ఏదీ మర్చిపోకుండా టీమ్ అంతా కలిసి సరిచూసుకునేది, 19 పాయింట్లు ఉంటాయి. 8 దేశాల్లో 8 హాస్పిటల్స్‌లో అది పెట్టకముందు, పెట్టిన తర్వాత పోల్చి చూశారు, 2009లో పేపర్ వచ్చింది, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అది చూసి చాలాచోట్ల తప్పనిసరి చేసేశారు. తర్వాత కెనడాలో ఒంటారియోలో 101 హాస్పిటల్స్ డేటా తీసి చూస్తే, 2014లో వచ్చింది ఆ పేపర్, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మరి చెక్‌లిస్ట్ పనిచేస్తుందా చెయ్యదా? మొదటిది ముందూ తర్వాతా పోలిక, పక్కన పోల్చడానికి వేరే గ్రూపు లేదు, అదే టైమ్‌లో ఇంకేవైనా మారి ఉండొచ్చు. రెండోదాంట్లో వాడుతున్నాం అని హాస్పిటల్స్ రిపోర్ట్ చేసేశాయి, కానీ థియేటర్లో నిజంగా అందరూ ఆగి ఒకరి పేరు ఒకరు చెప్పుకుని ఆ ప్రశ్నలు అడిగారా, ఊరికే టిక్కులు పెట్టారా అనేది ఆ డేటాలో దొరకదు. పైగా అక్కడ మరణాల రేటు ముందే తక్కువగా ఉంది, తగ్గడానికి అంత చోటు లేదు. చూడండి, ఇందులో కష్టమైన లెక్క ఏముంది? థియేటర్లో నిలబడినవాళ్ళకి, వార్డులో టిక్కులు ఎలా పడతాయో చూసినవాళ్ళకి ఈ ప్రశ్నలు క్లాసులో అందరికన్నా ముందు తడతాయి. స్టాటిస్టిక్స్‌లో వెనకబడతామనుకున్న నర్సులే మా బ్యాచ్‌లో ఇలాంటి చర్చల్లో అందరికన్నా బాగా మాట్లాడతారు. మొదలయ్యేలోపు స్ప్రెడ్‌షీట్‌లో పివోట్ టేబుల్ (డేటాని గ్రూపులుగా చేసి చూపే పట్టిక) చెయ్యడం, సగటుకీ మీడియన్‌కీ (వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటే ఏంటి, ఇంతవరకు చూసుకుంటే చాలు. మీ డిశ్చార్జ్ టైమ్‌లకి మీడియన్ కూడా తప్పకుండా చూడండి, ఎక్కడికి పంపాలో తెలీక రెండు వారాలు ఆగిపోయిన ఒక్క పేషెంట్ సగటు మొత్తాన్ని లాగేస్తారు.

టైమ్ విషయానికొస్తే, కోర్సు పేరు కన్నా ముందు అది ఏ పద్ధతిలో నడుస్తుందో అడగండి. ప్రతి వారం ఫలానా సాయంత్రం లైవ్ క్లాస్ అంటే మారే షిఫ్టులవాళ్ళకి నరకం. రికార్డ్ చేసిన క్లాసులు ఎప్పుడైనా చూసుకునేవి ఒక రకం, టర్మ్‌కి ఒకటి రెండుసార్లు వరసగా కొన్ని రోజులు క్యాంపస్‌కి రమ్మని మిగతాది ఇంటి నుంచి చేయించేవి ఇంకో రకం. ఈ రెండోది మనకి బాగా కుదురుతుంది, ఆ తేదీలు ఏడాది ముందే ఇస్తారు కాబట్టి రోస్టర్ వేసేవాళ్ళకి ముందే చెప్పి సెలవు పెట్టుకోవచ్చు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున చదువుదామని ప్లాన్ చేసుకోకండి, ఎక్కదు, పడుకోండి. ఆఫ్ ఉన్న రోజు ఒక పూట పూర్తిగా చదువుకే అని ఇంట్లో అందరి ముందూ చెప్పేసి పెట్టుకోండి, ఆ పూట పిల్లల్ని ఎవరు చూస్తారనేది కూడా అప్పుడే తేల్చుకోండి, ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటే చివరికి మీరే చూస్తారు.

పాలసీ_రీడర్:

వార్డు డేటా గురించి అడిగారు కదా, వాడుకోవచ్చు కానీ అనుమతి లేకుండా ఒక్క లైను కూడా బయటికి తీసుకెళ్ళకండి. హాస్పిటల్ లోపల సర్వీస్ బాగుచెయ్యడానికి చేసేది క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ కిందకి వస్తుంది, అందరికీ పనికొచ్చే జ్ఞానం కోసమని థీసిస్‌గా రాసి పబ్లిష్ చేద్దామనుకుంటే రీసెర్చ్ కిందకి వెళ్తుంది, దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, కొన్నిసార్లు హాస్పిటల్ కమిటీదీ యూనివర్సిటీ కమిటీదీ రెండూ. మీది ఏ కిందకి వస్తుందో మీరు నిర్ణయించుకోవద్దు, కమిటీనే అడిగి వాళ్ళ జవాబు దాచుకోండి. పేర్లు తీసేస్తే చాలనుకుంటారు చాలామంది. చిన్న వార్డులో వయసు, అడ్మిషన్ తేదీ, అరుదైన జబ్బు ఈ మూడూ కలిస్తే అక్కడ పనిచేసేవాళ్ళు ఎవరైనా ఆ మనిషిని గుర్తుపట్టేస్తారు. తేదీల బదులు గంటల తేడా ఉంచండి, వయసు గ్రూపులుగా చెయ్యండి. ఇవి మనల్ని నమ్మి మంచం మీద పడుకున్నవాళ్ళ వివరాలు, ఇక్కడ కక్కుర్తి పడకూడదు.

అప్లై చేసేముందు ఒకటి అడగండి, ఫైనల్ ప్రాజెక్టు మన హాస్పిటల్ సమస్య మీద చెయ్యనిస్తారా, గైడ్‌కి ఆ ఫీల్డ్ తెలుసా అని. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకి కోర్సు మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది అదే.

వార్డు_ఇంచార్జ్:

సరే అండి, ఇప్పుడు కాస్త దారి కనిపిస్తోంది. ఎగ్జిక్యూటివ్ ఎంహెచ్‌ఏ వైపు మొగ్గుతున్నా, హెల్త్ ఫైనాన్సింగ్, కాస్ట్ అకౌంటింగ్ రెండూ ఉన్నవి మాత్రమే లిస్టులో ఉంచి మిగతావి తీసేశా. వారం వారం లైవ్ క్లాసులున్నవి కూడా తీసేశా. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌తో మాట్లాడా, క్యాంపస్ రోజులకి రోస్టర్ సర్దుతానన్నారు కానీ ఫీజు సంగతి హాస్పిటల్ ఇంకా ఏమీ చెప్పలేదు.

స్టెత్_నుంచి_సీటుకి:

హాస్పిటల్ ఫీజు కడతానంటే మంచిదే మేడమ్, కాకపోతే బాండ్ ఉంటుంది, చదువు అయ్యాక ఎన్నాళ్ళు అక్కడే పనిచెయ్యాలి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి కట్టాలి, చదువు పూర్తయ్యాక పోస్టు మారుస్తారా లేక అదే వార్డులో అదే జీతానికి ఉంచుతారా, ఇవన్నీ సంతకం పెట్టకముందే కాగితం మీద ఉండాలి. యూనివర్సిటీని కూడా రెండు అడగండి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక ఒక టర్మ్ ఆపాల్సి వస్తే మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చా, మొత్తం కోర్సు గరిష్ఠంగా ఎన్నేళ్ళలో ముగించాలి అని. జాబ్ చేస్తూ చదివేవాళ్ళకి ఆ టర్మ్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, దానికి చోటున్న కోర్సే తీసుకోండి.